ఇల్లు ఖాళీ అయినా హక్కు ఖాళీ కాదు
(ప్రసంగ పాఠం)



ఇల్లు ఖాళీ చేయించే దావాలో ఓడిన కుటుంబాలు తరచుగా ఒక అపోహకు లోనవుతాయి. తీర్పు వచ్చింది కనుక యజమానితో లెక్క సర్వం ముగిసిందని, ఇక అడగడానికేమీ మిగలలేదని భావిస్తాయి. ఇది సరికాదు. కోర్టు తేల్చిన విషయాన్ని మరల లేవనెత్తలేము. తేల్చని విషయం మాత్రం సజీవంగానే ఉంటుంది. అందుచేత ముందుగా తీర్పు నకలు తీసుకొని, అందులో ఏమి నిర్ణయించారో తెలిసినవారిచేత చదివించుకోవాలి.

మొదటిది అడ్వాన్సు సొమ్ము. అది యజమాని చేతిలోని అమానత్. న్యాయంగా రావలసిన అద్దె బకాయి, కరెంటు బిల్లు, నష్టపరిహారం మినహాయించుకొని మిగిలినది తిరిగి ఇవ్వవలసిందే. ఇవ్వనిచో తేదీ, మొత్తం పేర్కొంటూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. వడ్డీ కోరుతున్నామని అందులోనే వ్రాయండి. 1978 నాటి వడ్డీ చట్టం క్రింద వ్రాతపూర్వక నోటీసుకు విలువ ఉంది. సొమ్ము రాబట్టే దావాకు సాధారణ గడువు 3 సంవత్సరాలు. "రేపు ఇస్తాను, ఎల్లుండి ఇస్తాను" అనే నోటిమాటతో ఆ గడువు పెరగదు. గడువు లోపల బాకీని అంగీకరిస్తూ ఆయన సంతకం చేసిన కాగితం ఉంటేనే అది కొత్తగా మొదలవుతుంది.

రెండవది సామాను. కోర్టు అమీనా వచ్చి స్వాధీనం ఇప్పించే వేళ ఇంట్లోని వస్తువుల జాబితా వ్రాయించి, నకలు అడగండి. బకాయి ఉన్నదనే సాకుతో బీరువానో కుట్టు మిషనునో సొంతంగా పట్టి ఉంచే అధికారం యజమానికి లేదు. జప్తు కోర్టు ద్వారానే జరగాలి. మీ ఖర్చుతో బిగించుకొన్న వాటిని ఇల్లు మీ స్వాధీనంలో ఉండగానే, గోడకు నష్టం కలుగకుండా తీసుకోవాలి. తాళం అప్పగించిన తరువాత ఆ హక్కు బలహీనపడుతుంది.

మూడవది చాలామందికి తెలియనిది. తెలంగాణలో అమలులో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షను ప్రకారం, సొంతానికి కావాలని చెప్పి ఇల్లు ఖాళీ చేయించిన యజమాని నెలలోపు అందులో చేరకపోయినా, చేరి తగిన కారణం లేకుండా 6 నెలలలోపు వదిలివేసినా, పాత కిరాయిదారు తనకు తిరిగి స్వాధీనం ఇప్పించమని రెంట్ కంట్రోలరును కోరవచ్చును. ఆలస్యం పనికిరాదు. అయితే 2005 సవరణతో మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలకు మించిన అద్దె గల ఇండ్లు ఈ చట్టం పరిధి దాటిపోయాయి. మరికొన్ని మినహాయింపులూ ఉన్నాయి. పాత బస్తీలో తరాలుగా తక్కువ కిరాయికి ఉంటున్న కుటుంబాలకు ఈ సెక్షను ముఖ్యం. మిగిలినవారికి సివిల్ కోర్టే దారి.

ఇక రాజీ. అనేక దావాలు రాజీతోనే ముగుస్తాయి. ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని వ్రాసే కాగితంలోనే అడ్వాన్సు ఎంత, ఏ రోజున, ఏ విధంగా ఇస్తారో వ్రాయించండి. "ఉభయులకు ఎట్టి బాకీలూ లేవు" అనే ఒక్క వాక్యం క్రింద సంతకం పెడితే పైన చెప్పినవన్నీ పోవచ్చును. లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది. దానిపై అప్పీలు లేదు. తెలుగో ఉర్దూయో మాత్రమే వచ్చినవారు ఇంగ్లీషు కాగితాన్ని చదివించుకోకుండా సంతకం చేయరాదు.

వకీలుకు ఫీజు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, నిర్ణీత పరిమితి లోపు ఆదాయం గల పురుషులకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

మనలో ఇండ్లు కిరాయికి ఇచ్చేవారూ ఉన్నారు. వారికి నా విన్నపం: దావా గెలిచినంత మాత్రాన ఎదుటివారి సొమ్ము మనది కాదు. కిరాయిదారులకు నా విన్నపం: కిరాయి రసీదు, అడ్వాన్సు కాగితం, తాళం అప్పగించినట్లు సంతకం, ఈ మూడింటిని ఒక సంచిలో భద్రపరచండి. దఫ్తరులో పనిచేసినంత కాలం నేను చూసినది ఇదే: కాగితం ఉన్న పేదవాడి మాట వినక తప్పదు.