కత్తి కంటే ముందు మందు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

 

మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వారము. అయినా ఆపరేషను గాయం చీము పట్టకుండా ఇచ్చే యాంటీబయాటిక్ మందుల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఇది దవాఖానా వాళ్ళ పని, మనకెందుకు అనుకోవద్దు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్ ఆపరేషనుతోనే జరిగినవి. అంటే మన ఇండ్లలోని కోడండ్లు, బిడ్డలు చాలామంది కత్తి కింద పడుకున్నవారే.

చిన్న ఆపరేషనే గదా అని ధీమాగా ఉండుటకు కూడా వీలు లేదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలోని ప్రభుత్వ దవాఖానాలో 34 మంది స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసినారు. కొద్ది రోజులలోనే నలుగురు తల్లులు చనిపోయినారు. ఇన్ఫెక్షన్ సోకుటయే కారణమని విచారణలో తేలింది. 2016లో జిల్లాలు విడిపోయే దాకా మనమూ ఆ ఊరూ ఒకే రంగారెడ్డి జిల్లాలో ఉన్నవారమే. ఆ నలుగురు మనకు పరాయివారు కారు.

అసలు చీము ఎందుకు పడుతుంది? మన చర్మం మీద, ముక్కులో కంటికి కనబడని క్రిములు ఎప్పుడూ ఉంటవి. చర్మం అనే గోడ నిలిచి ఉన్నంతవరకు అవి బయటనే ఉంటవి. కత్తి పెట్టిన క్షణంలో తలుపు తెరిచినట్లవుతుంది. లోపలికి పోయిన క్రిములు మొదటి రెండు మూడు గంటలలోనే పాతుకుపోతవి. అప్పటికే రక్తంలో మందు ఉంటే అవి చస్తవి. తర్వాత ఇచ్చే మందుకు అంత బలం ఉండదు. పరీక్ష రాసి వచ్చిన తర్వాత పుస్తకం తెరిస్తే మార్కులు వస్తాయా?

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1992లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ డాక్టర్లు 2,847 మంది రోగుల లెక్కలు ప్రకటించినారు. కోతకు ముందు రెండు గంటల లోపల మందు అందినవారిలో వెయ్యికి ఆరుగురికే గాయం చెడింది. కోత పెట్టిన మూడు గంటల తర్వాత అందినవారిలో వెయ్యికి 33 మందికి చెడింది. మరీ ముందుగా, అంటే రెండు గంటల కన్న ముందే ఇచ్చినవారిలో 38 మందికి చెడింది. చాలా ముందిస్తే కోత సమయానికి మందు బలం తగ్గిపోతుంది గదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సలహా కూడా ఇదే: అవసరమైన ఆపరేషన్లలో కోతకు ముందు రెండు గంటల లోపల మందు ఇవ్వాలి. సెఫజోలిన్ వంటి మందులైతే గంట లోపల ఇస్తారు. సిజేరియన్‌లో సయితం కోతకు ముందే ఇవ్వవలెను. ఆపరేషను చాలాసేపు సాగినా, రక్తం ఎక్కువ పోయినా మధ్యలో మరొక మోతాదు అవసరం కావచ్చును.

ఇక మనవాళ్ళు పొరపడే చోటు ఒకటి ఉన్నది. మన వికారాబాదు పక్కన అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానా అందరికీ తెలిసినదే. క్షయకు మందు నెలల తరబడి వాడవలెను, మధ్యలో ఆపితే క్రిమి మొండికేస్తుంది అని మనము విని ఉన్నాము. అది నిజమే. కాని అది వచ్చిన జబ్బుకు చికిత్స. రాకుండా ఇచ్చే మందు లెక్క వేరు. శుభ్రంగా జరిగిన ఆపరేషనుకు ముందు ఇచ్చే ఆ ఒక్క మోతాదుతో చాలావరకు పని తీరుతుంది. ఆపరేషను ముగిసిన తర్వాత కేవలం జాగ్రత్త కోసమని దానిని పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. "డాక్టరు గోలీలు తక్కువ రాసినాడు" అని మెడికల్ షాపుకు పోయి మరో పది క్యాప్స్యూల్స్ కొనుక్కొచ్చే అలవాటు మంచిది కాదు. అట్లా వాడిన కొద్దీ క్రిములు మందును ఓర్చుకోవడం నేర్చుకుంటవి. మందులకు లొంగని క్రిముల వల్ల 2019లో ప్రపంచం మొత్తం మీద 12 లక్షల 70 వేల మంది చనిపోయినారని అంచనా.

తాండూరు నాపరాయి గనులలో, పాలిష్ ఫ్యాక్టరీలలో పనిచేసే సోదరులకు ఒక మాట. బండ పడి కాలు నలిగితే, ఆ గాయంలో ముందే మట్టి, క్రిములు చేరి ఉంటవి. అది శుభ్రమైన ఆపరేషను గాయం వంటిది కాదు. పసుపో, బూడిదో అద్ది ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే నీళ్ళతో బాగా కడిగి దవాఖానాకు పోవాలి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పాలి. అక్కడ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు ఇవ్వాలో గాయాన్ని చూసి వారే నిర్ణయిస్తారు.

అట్లాగే పిల్లల సున్తీ విషయం. అది కూడా ఆపరేషనే. నేర్పు గల చేయి, ఉడికించి శుద్ధి చేసిన పనిముట్లు, శుభ్రమైన పట్టీ, పిల్లవానికి వేళకు వేయించిన టీకాలు ముఖ్యం. గాయం మీద బూడిద చల్లడం మానాలి. ఒకే కత్తితో వరుసగా పదిమంది పిల్లలకు చేయించడం ఎంత మాత్రం తగదు.

మరి ఇంటివాళ్ళుగా మనము చేయగలిగినదేమిటి? ఆపరేషనుకు ముందు రోగికి సబ్బుతో స్నానం చేయించండి. వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయవద్దు. ఆ సన్నని గాట్లలోనే క్రిములు చేరుతవి. అవసరమైతే దవాఖానాలో కత్తిరిస్తారు. పెన్సిలిన్ గాని, మరే మందు గాని లోగడ పడకపోతే ముందే చెప్పండి. షుగరు ఉంటే అదుపులో పెట్టించుకోండి. బీడీ, సిగరెట్టు కనీసం నెల ముందు మానండి. "డాక్టరు సాబ్, కోతకు ముందు ఇవ్వవలసిన సూది ఇచ్చినారా?" అని మర్యాదగా అడగండి. అడిగితే తప్పు లేదు. మంచి డాక్టరు కోపగించుకోడు.

ఇంటికి వచ్చిన తర్వాత పరామర్శకు పోయేవారు చేతులు కడుక్కొని పోవాలి. మంచం మీద పదిమంది కూర్చోరాదు. కుట్ల చుట్టూ ఎరుపు, వాపు, వేడి, చీము, దుర్వాసన, జ్వరం, ఇందులో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయవద్దు. నెల రోజుల దాకా, లోపల రాడ్డు వంటివి వేస్తే మూడు నెలల దాకా కూడా యీ బాధ రావచ్చును. పాత చీటీ చూపి మందులు కొనకుండా ఆపరేషను చేసిన డాక్టరు దగ్గరికే పోవాలి.

మందు ఎంత గొప్పదైనా కడగని చేతికి, ఉడికించని కత్తెరకు బదులు కాజాలదు. శుభ్రత ముందు, సమయానికి సూది తర్వాత, అనవసరపు గోలీలు అసలే వద్దు. యీ మూడు మాటలు మీ ఇంట్లోని ఆడవాళ్ళకు, ముఖ్యంగా నెలలు నిండుతున్న కోడలికి, ఆమె తల్లికి ఈ రాత్రే చెప్పండి. చదువురాని పొరుగువారికి కూడా చెప్పండి.