ఓరుగల్లు కోటలో ఒక శీతకాలపు దినము

మార్గశిర పుష్యములు మన ప్రాంతమున ప్రయాణములకు అనువైన కాలము. క్రిస్మసు సెలవులతో ఆరంభమై సంక్రాంతి సెలవులతో ముగియు ఈ మూడు నాలుగు వారములలో ఎండ బాధింపదు, వాన భయముండదు. పంట ఇల్లు చేరి పెద్దలకును, బడులు మూసి పిల్లలకును కొంత తీరిక చిక్కును. వేసవిలో ఓరుగల్లు కోట రాళ్లపై అరికాలు మోపలేము. వర్షర్తువులో అచ్చటి మట్టికోట కట్ట ఎక్కలేము. కనుక ఖిలా వరంగల్లునకు పోదలచినవారికి ఈ ఋతువును మించినది లేదు. అయితే ఒక ప్రాచీన నగరమును చూచి వచ్చుట వేరు, దానిని అనుభవించుట వేరు. నేడు శ్రోతలకు నేను మనవి చేయదలచినది ఈ భేదమును గురించియే.

సెలవులలో వచ్చువారు సాధారణముగా ఏమి చేయుదురు? రైలు దిగి, ఆటో ఎక్కి, తిన్నగా కీర్తితోరణముల యొద్దకు పోవుదురు. వాని క్రింద నిలిచి ఛాయాచిత్రములు తీసికొందురు. గంటసేపటిలో తిరిగి ఆటో ఎక్కి వేయిస్తంభముల గుడికి, భద్రకాళి చెరువునకు సాగిపోవుదురు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు రాష్ట్ర చిహ్నమున చేరిన తోరణమది. కావున దానిని చూడగోరుటలో వింత లేదు. కాని వారు చూచినది నగరముయొక్క నాభిని మాత్రమే. నగరము వారి కంటబడలేదు.

ఇటలీ దేశమున, టస్కనీ ప్రాంతమున, లుక్కా అను పురాతన నగరము కలదు. దాని చుట్టును 16, 17 శతాబ్దులలో కట్టిన కోటగోడ నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. ఆ గోడ చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లకు కొంచెము పైబడి యుండును. దాని పైభాగము విశాలమైన బాట, ఇరుప్రక్కల చెట్లు. శీతకాలపు సెలవులలో ఆ ఊరివారును పొరుగూరివారును ఆ గోడపై నడచుచు, ఒకవైపు ఇండ్ల కప్పులను, మరియొకవైపు కొండలను చూచుచు నగరమునకు ప్రదక్షిణము చేయుదురు. లోపల ప్రాచీన రోమనుల వినోదశాల ఒకటి యుండెడిది. దాని గోడల నానుకొని ఇండ్లు లేచినవి. నడుమ కోడిగ్రుడ్డు ఆకారమున అంగడివీధి ఏర్పడినది. శిథిలము ఊరిలో కలిసిపోయినది. ఒక్క దేవాలయమును చూచి లుక్కా చూచితినని అచ్చట ఎవరును అనరు. ఆ నగరమును చూచుటయనగా దాని చుట్టును, దాని లోపలను నడచుటయే.

మన రాతికోట కొలతలను దీనితో పోల్చి చూడుడు. ఓరుగల్లు రాతికోట ఇంచుమించు వృత్తాకారము. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, అనగా చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. లుక్కా గోడకును దీనికిని కొలతలో భేదము స్వల్పము. వయస్సులో మాత్రము మన గోడయే మూడు శతాబ్దులు పెద్దది. అచ్చటివారు నడచుచున్నారు, మనము నడచుట లేదు. భేదమంతయు ఇందే యున్నది.

అందుచేత ఒక దినమంతయు ఈ నగరమునకే కేటాయించుకొని, వెలుపలినుండి లోనికి నడచి పోవలెనని నా మనవి. కాకతి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యము చేసెను. హనుమకొండనుండి రాజధాని ఓరుగల్లునకు మారి, కోట పెరిగినది ఆయన కాలముననే. ఆయన కుమార్తె రుద్రమదేవి దానిని బలపరచినది. మన ఇండ్లలో సంక్రాంతికి చేయు సకినమును తలచుకొనుడు. నడుమనుండి చుట్టు వెంట చుట్టుగా సాగినట్లు, ఈ నగరమునకు నడుమ స్వయంభూదేవుని ఆలయము, దాని చుట్టు రాతికోట, దాని చుట్టు సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతగల మట్టికోట ఉన్నవి. అంతకును వెలుపల హనుమకొండను కూడ కలుపుకొని పోయిన మరియొక మట్టికట్ట ఆనవాళ్లు అక్కడక్కడ మిగిలియున్నవి.

ప్రాతఃకాలమున మంచు విడకముందే, దారి యున్నచోట మట్టికోట కట్ట ఎక్కుడు. తెలియనివారికి అది తుప్పలు మొలచిన దిబ్బవలె కనబడును. కాని 1310 జనవరిలో, అనగా ఇట్టి చలిదినములలోనే, మాలిక్ కాఫూర్ సేనలను కొన్ని వారములపాటు నిలిపివేసినది ఈ మట్టియే. ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, శత్రుపక్షము వాడయ్యును, ఈ గోడ గట్టితనమునకు అబ్బురపడి, ఉక్కు బల్లెము సైతము దీనిలో దిగదను భావముతో వర్ణించెను. ఆ మాట తెలిసిన పిమ్మట పాదము క్రింది మట్టి వేరుగా తోచును.

కట్ట దిగి పొలముల నడుమగా పోయినచో కందకము, దాని వెనుక రాతికోట కనబడును. పెద్ద పెద్ద రాళ్లను సున్నము లేకయే ఒకదానిపై నొకటి అమర్చి కట్టిన గోడయది. నలుబది అయిదు బురుజులు దానికి కాపు. లోపలివైపు రాతిమెట్లు కలవు. సైనికులు వేగముగా గోడపైకి చేరుటకు వానిని అమర్చినారు. ద్వారములు తిన్నగా లోనికి పోవు. వచ్చినవాడు ఒక ప్రాకారములో ప్రవేశించి, మరల ప్రక్కకు తిరిగినగాని నగరము చేరలేడు. ఇట్లేల కట్టిరో పిల్లలను అడిగి చూడుడు. వేగముగా దూసుకువచ్చు గుఱ్ఱము ఆ మలుపున ఆగవలసినదేయని వారే కనిపెట్టుదురు. పుస్తకములో పది పుటలు చదివినను రాని తెలివి ఆ మలుపులో ఒక్కసారి నడచినచో వచ్చును.

ద్వారము దాటగనే ఊరు ఎదురగును. ఈ కోటకు గల విశేషము ఇదియే. ఇది నిర్జనమైన శిథిలము కాదు; లోపల జనులు కాపురమున్నారు. పండుగ దినములలో వాకిళ్లలో ముగ్గులుండును, ఇండ్లలోనుండి నూనెలో వేగు సకినముల వాసన వచ్చును. కొన్ని గోడలలో పాత రాళ్లు కలిసి కనబడును. తొందరపడక ఈ వీధులలో నడువవలెను.

ఓరుగల్లు వీధులలో నడచుటకు మనకు మార్గదర్శకులు లేకపోలేదు. 15వ శతాబ్ది ఆరంభమునాటిదని పండితులు చెప్పు ‘క్రీడాభిరామము’ ఈ నగరమున ఇద్దరు మిత్రుల ఒకనాటి విహారమునే వస్తువుగా గొన్న కావ్యము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఆ కృతిలో గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు వీధి వీధి తిరుగుదురు. మైలసంత చూతురు, పల్నాటి వీరుల కథ విందురు, కోళ్ల పందెములు, పొట్టేళ్ల పోరులు చూచి ఆనందింతురు. ఒక్క రూకకు పూటకూటింట మేలైన అన్నము, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగుతో భోజనము దొరకుననియు అందు కలదు. మాఘమాసపు చలిలో కప్పుకొను పచ్చడమును అమ్మి పసరమును కొనిన రైతు ప్రసక్తియు కలదు. కాకతీయ రాజ్యము 1323లో పడిపోయినది. ఈ కావ్యము ఆ తరువాతది. రాజు పోయినను నగరముపై కవికి ప్రేమ పోలేదు. ఆ మిత్రులు ఎక్కడను తొందరపడరు. మనకు వారు నేర్పునది ఆ తీరికయే.

మధ్యాహ్నమునకు తోరణములను చేరవచ్చును. నాలుగు దిక్కుల నాలుగు తోరణములు నిలిచియున్నవి. వాని నడుమ నుండవలసిన స్వయంభూదేవాలయము లేదు. దాని స్తంభములు, చూరుఱాళ్లు, శిల్పఖండములు నేలపై పరచియున్నవి. ఇచ్చట కన్నుతోపాటు ఊహయు పనిచేయవలెను. నాలుగు దిక్కుల ద్వారములు ఇంత ఎత్తుగా ఉన్నచో నడుమ ఆలయము ఎంతటిదై యుండునో తలచుకొని, ఆ రాళ్ల నడుమ నెమ్మదిగా తిరుగుడు. హంసలు, పద్మముకుళములు, మకరములు ఒక్కొక్కటిగా కనబడజొచ్చును.

సమీపముననే ఖుష్ మహల్ అను విశాలమైన సభాశాల కలదు. వాలుగా కట్టిన దాని దళసరి గోడలలో తుగ్లకుల నాటి కట్టడశైలి గోచరించును. దానిని షితాబుఖానునకు ఆరోపించువారును కలరు. సీతాపతియని పేరుగల ఆ వీరుడు ఓరుగల్లును పట్టి, దేవతలను మరల ప్రతిష్ఠించినట్లు 1504 నాటి శాసనము చెప్పుచున్నది. జయించినవాడు కట్టినది, ఓడినవాడు కట్టినది ఇచ్చట ఒకే ఎండలో ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. సాయంకాలమున, ఈ నగరమునకు ఓరుగల్లు, ఏకశిలానగరము అను పేర్లు తెచ్చిన ఒంటిరాతి గుట్టను చేరినచో, ఉదయమునుండి నడచిన వలయములు ఒక్క చూపులో ఇమిడిపోవును.

ఇటలీవారిలో ఒకడు ఈ రాజ్యమును గురించి ఆనాడే విన్నాడు. వెనీసు నగరవాసియగు మార్కోపోలో 13వ శతాబ్ది చివర మన తీరమును గురించి వ్రాయుచు, మోటుపల్లి రాజ్యమును న్యాయశీలయగు ఒక రాణి పాలించుచున్నదని ప్రశంసించెను. ఆమెను రాజుగారి విధవయని అతడు పొరబడినాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. ఆ మోటుపల్లి రేవుననే 1244లో గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. సాలెపురుగు గూడువలె సన్నని ఇచ్చటి వస్త్రములను మార్కోపోలో మెచ్చుకొన్నాడు. నేత నేటికిని ఓరుగల్లును విడువలేదు. కొత్తవాడ మగ్గములపై నేయు వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరినుండి ఏదేని జ్ఞాపికగా తీసికొనిపోదలచినవారు చలికి పరచుకొను ఆ జంపఖానాను తీసికొనిపోవచ్చును.

ఇక ముఖ్యమైన మాట. 2021లో రామప్ప దేవాలయమునకు ప్రపంచ వారసత్వ స్థాయి లభించినది. ఓరుగల్లు తోరణములును, వేయిస్తంభముల గుడియు 2014లో పరిశీలనార్హమైన జాబితాకెక్కినను, ఆ స్థాయి రామప్పకు మాత్రమే దక్కినది. తోరణమును కాపాడవలెనని ఎవరికిని చెప్పనక్కరలేదు. దాని అందమే దానికి రక్ష. మట్టికోట సంగతి అట్లు కాదు. అది కోటయని తెలియనివాడు దానిలో మన్ను త్రవ్వుటకు సంకోచింపడు. పదిమంది వచ్చి దానిపై నడచి, ఇది రుద్రమదేవి కోటయని పిల్లలకు చెప్పినప్పుడే దానికి రక్ష కలుగును.

కోటలోని గ్రామస్థులను గూర్చియు తలపవలెను. ప్రాచీన కట్టడముల చట్టమునకు 2010లో జరిగిన సవరణ ననుసరించి, రక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపల కొత్త నిర్మాణములు నిషిద్ధము. ఆపైన రెండువందల మీటర్లవరకు అనుమతి కావలెను. కుమారునకు పెండ్లియైనదని ఒక గది పెంచుకొనదలచిన గృహస్థునకు ఈ నియమము ఎంత భారమో ఊహింపవచ్చును. మన గంటసేపటి వినోదమునకు వారు నిత్యము వెల చెల్లించుచున్నారు. కావున వారి వాకిట ముగ్గు త్రొక్కక, రాతిపై పేరు చెక్కక, చెత్త విడువక, వారి అంగళ్లలో నాలుగు డబ్బులు ఖర్చుచేసి, దారి వారినే అడిగి తెలిసికొనుట అతిథులుగా మనకు ధర్మము.

ఈ సెలవులలో ఓరుగల్లునకు పోవువారు ఒక గంటకు బదులు ఒక దినమును వెంట తీసికొనిపోవుదురు గాక. కావలసినవి గట్టి చెప్పులు, త్రాగునీరు, కొంత ఓపిక మాత్రమే. మట్టికట్టతో ఆరంభింపుడు, తోరణములు ఎచ్చటికిని పోవు.