పరదేశమున పసిపిల్లలతో
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు తలుపులు తెరచిన యేడు నాకు పదియేండ్లు. చందమామ బైండు సంపుటములకొరకు ఇక్కడ పిల్లలలో జరిగిన జగడములందు నా పాలు తక్కువది కాదు. ఆ పత్రిక ఇప్పుడు రాదు. బైండులు మాత్రము లోపలి బీరువాలో నున్నవని నిన్న చూచి సంతోషించితిని. వానిలో ఒకదాని చివరి పుటపై పెన్సిలుతో గీచిన ఏనుగు బొమ్మ కలదు. అది నేను గీచినదే. ఇన్నాళ్ళకు ఆ నేరమును సభాముఖమున ఒప్పుకొనుచున్నాను.

ఐరోపా వింతలను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. కోటలు, మంచుకొండలు చూడనిదానను కాను. కాని ఇద్దరు పసిపిల్లల తల్లికి ఏ దేశమైనను మొదట వంటగది, తరువాత బడి, ఆ తరువాతనే కోటలు. నాకు తెలిసినదానినే చెప్పెదను.

మేముండునది జర్మనీలోని బవేరియా రాష్ట్రమున ఎర్లాంగెన్ అను పట్టణము. అది న్యూరెంబర్గు నగరమునకు ఉత్తరముగా ఇంచుమించు ఇరువది కిలోమీటర్ల దూరమున నున్నది. మా యింటివారి ఉద్యోగము నిమిత్తము అచ్చటికి పోయి తొమ్మిదేండ్లయినది. వారిది మానుకోట, అనగా ఇప్పటి మహబూబాబాదు. మా అన్నయ్య భూపాలపల్లిలో సింగరేణి గనులలో పని చేయుచున్నాడు. అమ్మ జనగామలో నున్నది. పాపకు ఏడేండ్లు, బాబుకు నాలుగేండ్లు. ఇద్దరును అక్కడ పుట్టినవారే.

మూడేండ్ల క్రిందటి మాట. పాప అప్పుడు కిండర్‌గార్టెనుకు పోవుచుండెను. బడిలో జర్మను భాష, ఇంట ఇంగ్లీషు. తెలుగు నేర్పిన బిడ్డకు మూడు భాషల బరువగునని మేమే తలచి, ఇంట ఇంగ్లీషు మాటలాడితిమి. ఆ తప్పు ఎవరిదో కాదు, మాదే. చలికాలమున మనకును జర్మనీకిని నాలుగున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రము అయిదయినప్పుడు ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ నిద్ర నాపుకొని ఫోను దగ్గర కూర్చుండెడిది. ఒకనాడు “ఏం దిన్నవ్ బిడ్డా?” అని మనుమరాలి నడిగెను. పాప ఫోనువైపు ఒక క్షణము చూచి, నావైపు తిరిగి, అమ్మమ్మ ఏమనుచున్నదని జర్మను భాషలో నన్నడిగెను.

అమ్మకు ఆ మాటలు తెలియవు గాని సంగతి తెలిసినది. “పండుకుంట బిడ్డా, పొద్దుపోయింది” అని ఫోను పెట్టివేసెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాటినుండి ఇంట తెలుగే మాటలాడవలెనని నియమము పెట్టితిని. నియమము మూడు దినములు నిలిచినది. బిడ్డకు తెలియని భాషలో అన్నము తినుమని, చెప్పులు తొడుగుకొమ్మని ఆజ్ఞాపించుచుండిన ఆ భాష ఆమెకు తిట్లవలె వినబడెను. చెవులు మూసికొనెడిది.

దారి మరియొకవైపునుండి దొరకినది.

ఆ దేశమున ఆకురాలు కాలమున వీధుల వెంట ఒక జాతి చెస్ట్‌నట్ కాయలు రాలును. తినరానివి. పెద్ద ఉసిరికాయంత యుండి చింతగింజవలె నిగనిగలాడును. పిల్లలందరును సంచులతో ఏరితెత్తురు. వానికి రంధ్రములు చేసి అగ్గిపుల్లలు గ్రుచ్చి గుఱ్ఱములను, ముళ్ళపందులను, మనుష్యులను చేయుదురు. బడిలోను ఇదే పని, ఇంటను ఇదే పని. నవంబరు 11వ తేది మార్టిన్ పండుగ. చలిలో వణకుచున్న బిచ్చగానికి తన అంగవస్త్రమును కత్తితో సగము కోసి యిచ్చిన పుణ్యపురుషుని జ్ఞాపకార్థము, చీకటిపడగానే పిల్లలు తాము చేసిన కాగితపు లాంతరులను కఱ్ఱలకు తగిలించుకొని పాడుచు ఊరేగుదురు. పూర్వము లోపల క్రొవ్వొత్తి యుండెడిది. ఇప్పుడు చాలమంది చిన్న బ్యాటరీ దీపము పెట్టుచున్నారు. తల్లిదండ్రులు బడికి పోయి బిడ్డలతో గూర్చుండి ఆ లాంతరును చేయవలెను. కొనితెచ్చుట లేకపోలేదు గాని, దానిని ఎవరును గొప్పగా చెప్పుకొనరు.

ఈ అలవాటునకు ఒక చరిత్ర కలదు. కిండర్‌గార్టెన్ అనగా పిల్లల తోట. ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్ అను నాయన 1837లో థురింజియా ప్రాంతమందలి బ్లాంకెన్‌బుర్గు అను చిన్న ఊర అట్టి బడిని స్థాపించి, 1840లో దానికా పేరు పెట్టెను. ఉన్ని బంతులు, కొయ్య గుండ్లు, ఘనములు, కాగితము మడచుట, కాగితపు పట్టీలను చాపవలె అల్లుట, ఇవియే ఆయన పాఠములు. పసివాని చేయి పనిచేయుచుండగా బుద్ధి వికసించునని ఆయన నమ్మిక. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఆ బడులను నిషేధించెను. పిల్లల ఆటలలో ఆ ప్రభువులకు ఏమి భయము కనబడెనో! 1860 వరకు ఆ నిషేధము తొలగలేదు. ఆయన అంతకుముందే, 1852లో, గతించెను. మేమొక సెలవునాడు ఆ ఊరు పోయి, అచ్చటి ఫ్రోబెల్ ప్రదర్శనశాలను చూచితిమి. నేను ఆ బంతుల ముందు నిలిచియుండగా బాబు వెలుపల కుక్కపిల్లను చూడవలెనని ఏడ్చెను. పిల్లలతో యాత్రలన్నియు ఇట్లే యుండును. ప్రేగు నగరమున 1410 నాటి గొప్ప గడియారము క్రింద గంట కొట్టునప్పుడు బొమ్మలు నడచుట చూచుటకు దేశదేశములవారు గుమిగూడుదురు. మా పాపకు ఆ నగరమున జ్ఞాపకమున్నవి పావురములు.

మరల చెస్ట్‌నట్ కాయలవద్దకు వత్తును. అగ్గిపుల్ల గ్రుచ్చుచుండగా పాపకు “పుల్ల” అను మాట అప్రయత్నముగా వచ్చినది. అడిగినదానిని అందించుటకు నేను తెలుగుననే పలుకుచుంటిని. పుల్ల, ఇంకొకటి, గట్టిగా, మెల్లగా, విరిగింది. చేతిలో పని యున్నప్పుడు మాట తిట్టువలె వినబడలేదు. ఈ సంగతిని నేను ఏ పుస్తకమునను చదివి కనుగొనలేదు. అగ్గిపెట్టె అయిపోయినప్పుడు పాప “పుల్ల లేదు” అన్నది. అది ఆమె తనంత తానుగా అన్న మొదటి తెలుగు వాక్యము.

ఆ వారముననే బతుకమ్మ. తంగేడు లేదు, కట్ల పువ్వు లేదు. మనయింటి పత్తిచేలలో కలుపుగా మొలచు గునుగు వంటి పువ్వు అక్కడ పూలదుకాణములలో చిన్న కుండీలలో అమ్మకమునకు వచ్చును. వెల చెప్పినచో ఇక్కడి రైతులు నవ్వుదురు. కుండీలు నాలుగు కొంటిమి. రైలు పట్టాల ప్రక్కల గోల్డ్‌రూట్ అను పసుపుపచ్చని పువ్వు ఎవరును నాటకయే గుబురులుగా పెరుగును. తంగేడునకు బదులు అదియే. ప్రక్కయింటి పెద్దావిడ తన తోటలోని డాలియాలను, గుమ్మడి ఆకులను ఇచ్చెను. సిబ్బికి బదులు పెంబర్తి ఇత్తడి పళ్ళెము, పెండ్లినాడు అమ్మ ఇచ్చినది.

ఫోనును సామానుల అలమారకు ఆనించి నిలిపితిమి. జనగామనుండి అమ్మ మేస్త్రీవలె పని చేయించినది. “ఆకు పరువు. గట్ల గాదు బిడ్డా, అంచుకు రానియ్యకు. గిప్పుడు గునుగు. కొసలు గత్తిరియ్యి.” పాప నన్ను చూడలేదు, ఫోనునే చూచినది. ఏ మాటకు ఏ పని యో అమ్మ చేతులు చూపించినవి. మూడవ వరుసకు వచ్చుసరికి నేను పక్కకు తొలగితిని. నా అవసరము లేకపోయినది. భూపాలపల్లినుండి వదిన మధ్యలో కలిసికొని, తమవద్ద అడవి తంగేడు ఎంత విరివిగా పూచినదో చూపించి మా నోరూరించెను. మానుకోటనుండి మా అత్తమ్మ మలీద ముద్దలు చూపించెను. అది మఱింత అన్యాయము. పాటకు పాప గొంతు కలపలేదు గాని “ఉయ్యాలో” అను చోట తల యూపినది. మరుసటి యేట గొంతు కలిపినది.

నీట విడుచుటయే చిక్కు. ఇచ్చవచ్చినచోట నదిలో వేయుటకు వీలులేదు. స్నానపు తొట్టిలో నీరు నింపి విడిచి, మరునాడు ఆ పూలను ఎరువు గుంటలో వేసితిమి. తొట్టిలో బతుకమ్మ యని విని అమ్మ చాలసేపు నవ్వినది. పాపకు మాత్రము బతుకమ్మ యనిన నేటికిని స్నానపు తొట్టియే. ఇక్కడికి తెచ్చి చెరువున చూపింపవలెనన్న బడి వదలదు. బవేరియాలో వేసవి సెలవులు ఆగస్టునుండి సెప్టెంబరు నడుమవరకే. అటుపైన బడి మానిపించుట చట్టము ఒప్పదు. బతుకమ్మ ఎప్పుడును ఆ సెలవులు ముగిసిన తరువాతనే వచ్చును. మూడేండ్లుగా పేర్చుచున్న పిల్ల చెరువు నీటిమీద అది తేలుట ఒక్కసారియు కన్నులార చూడలేదు. నాకున్న పెద్ద వెలితి యిదియే, దీనికి ఉపాయము కనబడుట లేదు.

క్రిస్మసు దినములలో వారు రెండు పాళ్ళు పిండి, ఒక పాలు ఉప్పు, ఒక పాలు నీరు కలిపి ముద్దచేసి, నక్షత్రములుగా కోసి, ఎండబెట్టి చెట్టునకు వ్రేలాడదీయుదురు. మన పిల్లలు చెరువు మట్టితో ఎడ్లను చేయుట వంటిదే. మా బాబు చేసిన నక్షత్రమునకు మూడే కొనలుండెను. అమ్మ దానిని సమోసా యన్నది.

ఇక నేను చూచినవానిలో ఇక్కడివారికి తప్పక చెప్పవలసినది ఒకటి కలదు. మా పట్టణమునకు ఈశాన్యముగా ఫ్రాంకోనియా స్విట్జర్లాండు అను మెట్టప్రాంతము. సున్నపురాతి నేల, కురిసిన వాన యెల్ల లోపలికి ఇంకిపోవును. గొట్టములు రాకముందు పైనున్న గ్రామములవారు లోయలనుండి నీరు మోసితెచ్చుకొనిరట. అందుచేత అక్కడివారికి ఊటబావి యనిన దేవునితో సమానము. ఈస్టరు పండుగకు ఊరి బావులను శుభ్రపరచి, పచ్చని కొమ్మలతో పందిరివలె అల్లి, లోపలి సొన ఊది తీసివేసిన గ్రుడ్డు పెంకులకు రంగులు వేసి దండలు గ్రుచ్చి అలంకరించుదురు. ఈ ఆచారము ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళ నుండి వచ్చుచున్నదని చెప్పుదురు. బీబెర్‌బాఖ్ అను చిన్న పల్లెలోని బావి వేలకొలది గ్రుడ్లతో 2001లో గిన్నిస్ గ్రంథమునకెక్కినది. ఒక్కొక్క పెంకును ఊరివారే చేతితో చిత్రించుదురు.

మేము ఆ బావివద్ద నిలిచి అమ్మకు ఫోనులో చూపించితిమి. అమ్మ గ్రుడ్లను చూడలేదు. “అక్కడ గూడ నీళ్ళకు కరువేనా?” అన్నది. జనగామ మెట్టలో ఎండిన బావులను చూచిన కన్నులవి. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీరు ఈ వైపునకు రాకముందు బిందె పట్టుకొని నడచిన కాళ్ళవి. పాప ఆ ప్రశ్నను గ్రహించి, నేను నోరు తెరువకముందే తానే చెప్పినది: “ఉండె అమ్మమ్మా. ఇప్పుడు పైపు వచ్చింది.” మూడేండ్ల క్రిందట ఏమనుచున్నదని నన్నడిగిన పిల్ల!

అన్నియు చక్కబడినవని అనుకొనకుడు. బాబు నేటికిని క్రియ తెలుగున, కర్మ జర్మనున పలుకును. పాప చదువగలదు గాని వ్రాయలేదు. కోపము వచ్చినప్పుడు ఇద్దరును జర్మను భాషలోనే పోట్లాడుకొందురు. మొన్న చెరువుకట్టమీద తంగేడు చెట్టును చూపగా పాప ముట్టి చూచి, “ఇదేనా? మనది ఇంకా మంచిగుంటది” అన్నది. మనది యనిన రైలు పట్టాల ప్రక్కన మొలచునది. దానికి నేనేమి బదులు చెప్పుదును!

చివరగా కార్యవర్గమువారికి ఒక విన్నపము. జర్మనీలో చాలచోట్ల పట్టణ గ్రంథాలయములలో పిల్లల పుస్తకముల దాపున ఒక పొట్టి బల్ల, రంగుకాగితములు, జిగురు ఉండును. చదివిన కథలోని ఏనుగును అక్కడనే కత్తిరించుకొందురు. అట్టి బల్లయే నాకిక్కడ ఉండినచో చందమామ పుటపై గీయకపోయియుందును. లోపలి గదిలో కాళ్ళు కుఱచయైన బల్ల యొకటి ధూళిపట్టి యున్నది, నిన్న చూచితిని. దానిని ఇప్పించినచో చాలును. మొండి మొనల కత్తెరలు పండ్రెండు తెచ్చితిని, కార్యదర్శిగారికి అప్పగించినాను. జిగురు కొనవలసిన పని లేదు, మైదా ఉడికించిన సరిపోవును. రేపు ఉదయము పది గంటలకు మా పాప లాంతరు చేయుట చూపించును. తెలుగుననే చెప్పునని మాట యిచ్చినది. తప్పులు దొర్లిన మీ పిల్లలు దిద్దవలెను. రాదలచినవారు ఒక పాత శుభలేఖను తెచ్చుకొనిన మంచిది, దాని అట్ట లాంతరు అడుగునకు గట్టిగా నుండును.