వయసుకు తగిన సేవ

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



లైఫ్ సర్టిఫికెట్ కోసం 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఆ తరువాత ఒక ఏడాది, మా వీధిలోని ఫ్యామిలీ పెన్షనర్ అక్కయ్యగారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రంలో పడలేదు. రెండు నెలలు పెన్షన్ ఆగింది. 2021లో ముఖం చూపే పద్ధతి వచ్చాక మా మనుమడు తన ఫోనులోనే పని ముగించాడు. పి.పి.ఓ. నంబరు వెతికి ఇచ్చింది మాత్రం నేను.

కనుక వయసునుబట్టి పని పంచుకుందాం. ఫోను పని కాలేజీ పిల్లలది. కాగితాలు సరిచూడటం మనది. కదలలేని పెద్దలు ఇంటినుంచే ఫోను చేసి, ఎవరింకా సర్టిఫికెట్ ఇవ్వలేదో కనుక్కుంటారు. వారానికి రెండు గంటలకు మించి ఎవరినీ అడగవద్దు. అడిగితే మరుసటి నెల రారు.

రిజిస్టరు బల్లమీద ఉంది. వెళ్ళేముందు మీ పేరు, వీలైన రోజు రాయండి. సెలవు.