ఏడుగురు ఋషులు, ఒక అరుంధతి



పెళ్ళిలో పురోహితులు వధూవరులను పందిరి బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తారు. ముహూర్తం పట్టపగలైనా చూపిస్తారు! "కనబడిందా అమ్మాయీ?" అంటే పెళ్ళికూతురు తల వంచుకునే "ఆఁ" అంటుంది. ఆ తర్వాత మనలో ఎంతమందిమి తలెత్తి వెతికాం చెప్పండి?

వైశాఖంలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. వంగిన కాడ ఉన్న గరిటెలా ఏడు చుక్కలు కనుపిస్తాయి. అదే సప్తర్షి మండలం. కాడ మధ్యనున్నవాడు వశిష్ఠుడు, ఆయన్ని ఆనుకున్న సన్నని చుక్క అరుంధతి.

భారతంలో ఒక కథ ఉంది. ఋషిపత్నుల మీద అగ్నిదేవుడు మనసుపడితే, ఆయన్ని కోరిన స్వాహాదేవి ఆ ఋషిపత్నుల రూపాలు ధరించింది. ఆరు రూపాలు వచ్చాయిగాని అరుంధతి రూపం రాలేదు. పాపం, చెయ్యని తప్పుకు ఆ ఆరుగురినీ భర్తలు వదిలేశారు. వాళ్ళే కృత్తికలు. అరుంధతిని చూపించేటప్పుడు వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరెందుకో!

గ్రీకులకు ఇది ఎలుగుబంటి. జ్యూస్ దేవుడు మోసగించిన కల్లిస్టో అనే ఆడదాన్ని, ఆయన భార్య హీరా ఎలుగుగా మార్చిందట. ఆకాశానికెక్కాక కూడా సముద్రంలో మునగనివ్వలేదట. ఆ కాలంలో వాళ్ళ దేశంలో ఆ చుక్కలు అస్తమించేవి కావు మరి. మన దగ్గర రోజూ అస్తమిస్తాయి. అక్కడా శిక్ష ఆడదానికే చూశారా!

గరిటె గిన్నె చివరనున్న పులహుణ్ణీ, క్రతువునీ కలిపి, ఆ గీతను అయిదురెట్లు పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు. ఆయన ఎంత ఎత్తున ఉంటే మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు అన్ని డిగ్రీల్లో ఉన్నట్టు. విశాఖపట్నంలో దాదాపు 18, చెన్నైలో 13, కన్యాకుమారిలో 8.

దీంతోనే పూర్వం హిందూ మహాసముద్రంలో అరబ్బు నావికులు రేవులు పట్టేవారు. వాళ్ళ సాధనం 'కమాల్'. చిన్న చెక్కపలక, దానికి ముడులు వేసిన తాడు, అంతే. తాడును పళ్ళతో బిగబట్టి, పలక అడుగంచు సముద్రపు అంచుకూ, పైయంచు ధ్రువుడికీ ఆనేలా పలకను ముందుకూ వెనక్కూ జరిపేవారు. కావలసిన రేవు ముడి దగ్గర సరిపోతే, ఇక ఆ ఎత్తు తప్పకుండా తూర్పుకో పడమరకో సాగిపోవడమే. భూమధ్యరేఖ దాటితే మాత్రం ధ్రువుడు నీళ్ళలోకి దిగిపోతాడు.

వశిష్ఠుడు ఒక్క చుక్క కాదు, నాలుగు నక్షత్రాల జట్టు. అరుంధతి కూడా జంటేనని 2009లో తేలింది. వెన్నెల లేని రాత్రి చూడండి. నాకిప్పుడు కళ్ళజోడు ఉంటేగాని ఆవిడ కనబడదు.