ఇంటింటి తెరకు చందాలు – మన కర్తవ్యము
(రాయగడలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, తండ్రిగారి దుకాణమున గల్లాపెట్టె యెదుట కూర్చుండి, ఇరువది అయిదేండ్లుగా చింతపండు, అల్లము, పసుపు కొని అమ్ముచున్న వర్తకుడను. కావున నేడు నేను చెప్పబోవునది వర్తకుని మాటయే. విషయము చిన్నదిగా తోచవచ్చును. ఇంటిలోని తెర మీద సినిమాలు చూచుటకు మనము కట్టు చందాలు, వాని ధరలు, నెలకొక తీరుగా మారు షరతులు – ఇదియా సంఘ సభలో మాటలాడదగిన విషయమని కొందరనుకొందురు. మొదట నేనును అట్లే అనుకొంటిని. మా ఇంట జరిగినది చూచిన పిదప నా అభిప్రాయము మారినది.

మా అమ్మగారికి డెబ్బది రెండేండ్లు. పుట్టినది పార్వతీపురమున, కాపురమునకు వచ్చినది రాయగడకు. ఇరుగుపొరుగుతో ఒడియాలో మాటలాడును. సంతలో కువి మాటలు నాలుగు ఎరుగును. కాని రాత్రి భోజనమైన తరువాత ఒక గంట తెలుగు వినకున్న ఆమెకు దినము పూర్తి కాదు. ఆమె కొరకు ఒక సంస్థకు ఏడాది చందా ఒక్కసారే కట్టితిని. విశాఖపట్టణమున చదువుకొనుచున్న మా అమ్మాయియు అదే చందాపై చూచుకొనుచుండెను. కొన్ని నెలలు సుఖముగా గడచినది. అటుపిమ్మట సినిమా నడుమ ప్రకటనలు వచ్చుట మొదలయ్యెను. అమ్మగారు నన్ను పిలిచి, "నాయనా, డబ్బు కట్టినావు కదా, మరి ఈ సబ్బుల వాళ్ళు మధ్యలో ఎందుకొస్తున్నార్రా?" అని అడిగినది. నాకు సమాధానము దొరకలేదు. మరికొన్ని దినములకు అమ్మాయి ఫోను చేసి, "నాన్నగారూ, ఈ చందా ఒక్క ఇంటికేనట, నాకు రావడం లేదు" అని చెప్పినది. ఆ పిమ్మట అమ్మగారు రెండు మూడు పర్యాయములు చూచి ఆనందించిన పాత సినిమా ఒకటి జాబితాలోనుండి మాయమైనది. విసుగు చెంది నా ఫోనులోని యాపును తీసివేసితిని. చందా వదిలిపోయినదని తలచితిని. ఏడాది నిండిన దినమున బ్యాంకు ఖాతానుండి మరల సొమ్ము పోయినది! యాపు తీసివేయుట వేరు, చందా రద్దు చేయుట వేరని నాకు ఆనాడు తెలిసినది. ఈ పొరపాటు నాదే. అయినను మీలో ఎందరు ఇట్లే చేసియుందురో అడిగి తెలిసికొనదగియున్నది.

ఆ సంస్థ పేరు చెప్పుట నా ఉద్దేశము కాదు. ఒకరిని దూషించిన ఫలమేమున్నది? వ్యాపార రీతియే అట్లున్నది. అందరికిని తెలిసిన లెక్కలనే చూడుడు. అమెజాన్ ప్రైమ్ 2016లో మన దేశమునకు వచ్చినపుడు ఏడాదికి 499 రూపాయలు. తరువాత అది 999 అయ్యెను. 2021 డిసెంబరులో 1,499 అయ్యెను. 2025 జూన్ 17 నుండి వీడియోల నడుమ ప్రకటనలు వచ్చినవి; అవి లేకుండ చూడవలెనన్న ఏడాదికి మరి 699 రూపాయలని చెప్పిరి. రెండును కూడిన 2,198. ఆ చందాలో సరకులు త్వరగా ఇంటికి చేర్చు సౌకర్యము కూడ కలదు, నిజమే. కాని సినిమాకై చేరిన వానికి లెక్క తొమ్మిదేండ్లలో నాలుగు రెట్లు దాటినది. నెట్‌ఫ్లిక్స్ వారు ఇందుకు భిన్నముగా 2021 డిసెంబరులో మన దేశమున ధరలు తగ్గించిరి. 499 రూపాయల నెల చందా 199 అయినది. మెచ్చుకొనవలసినదే. కాని 2023 జూలైలో వారే ఒక ఖాతా ఒక గృహమునకు మాత్రమేయని కట్టడి చేసిరి. క్రికెట్టు సంగతి మీకు తెలియనిది కాదు. 2023లో జియోసినిమా ఐ.పి.యల్. పోటీలను ఉచితముగా చూపెను. 2025 ఫిబ్రవరి 14న హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్ అయిన పిదప కొద్ది నిమిషములు మాత్రము చూపి, ఆపై చందా కట్టుమనెను.

వర్తకుడనుగాన ఎదుటి వర్తకుని కష్టము కూడ చెప్పవలెను. 2023 నుండి 2027 వరకు ఐ.పి.యల్. ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. అంత సొమ్ము పెట్టినవాడు ఎన్నాళ్ళు ఉచితముగా చూపగలడు? తెలుగు నిర్మాతల బాధయు వేరుగా నున్నది. సినిమా త్వరగా ఇంటి తెరకు వచ్చుటచే హాళ్ళకు జనము రాకున్నారని 2022 ఆగస్టు 1 నుండి కొంతకాలము చిత్రీకరణలు నిలిపివేసిరి. పెద్ద చిత్రములు విడుదలైన ఎనిమిది వారములకు గాని ఇంటి తెరకు ఈయరాదని నిశ్చయించుకొనిరి. మాయమైన సినిమాకును కారణము కలదు: సంస్థ దానిని శాశ్వతముగా కొనదు, గడువుకు తీసికొనును, గడువు తీరిన వెళ్ళిపోవును. మనము కొన్నదని తలచినది నిజమునకు అద్దెకు తెచ్చుకొన్నదే.

మన వర్తకులము మాత్రము తక్కువ వారమా? క్రొత్త దుకాణము పెట్టినపుడు తక్కువ ధరకిచ్చి, వాడుక పడిన తరువాత నాలుగు పైసలు వేయుట మనమెరుగనిదా? ధర పెంచుట పాపము కాదు. చింతపండు పంట తగ్గిన నేనును పెంచుదును. కాని దానికొక మర్యాద ఉన్నది. బస్తాకు ధర చెప్పి సొమ్ము పుచ్చుకొన్న తరువాత, సగము బస్తా ఇచ్చి, మిగిలిన సగమునకు షరతు మారినదని చెప్పిన వర్తకునికి ఈ రాయగడ బజారులో మరునాడు అంగడి తెరచు ముఖముండునా? కొండమీదనుండి కాలినడకను వచ్చి అల్లము అమ్ముకొను ఆదివాసీ సోదరునకు కూడ ఇచ్చిన మాట ఇచ్చినట్లే చెల్లింపవలెనని మా తండ్రిగారు నాకు నేర్పిరి. నేను కోరునది మూడే. ధర మార్చదలచిన ముందుగా స్పష్టముగా, మనకు తెలిసిన భాషలో చెప్పవలెను. పుచ్చుకొన్న సొమ్ము గడువు తీరువరకు మొదటి మాట నిలుపుకొనవలెను. చేరుట ఎంత సులభమో వదలుట అంత సులభము కావలెను.

ఈ మూడవది మన ఒక్కరి మొర కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషను అమెజాన్ పై, ప్రైమ్‌లో జనులను వారికి తెలియకుండ చేర్చి, వదలుటను కష్టతరము చేసినదని అభియోగము తెచ్చినది. 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ 250 కోట్ల డాలర్లకు రాజీపడినది. అందులో 150 కోట్లు చందాదారులకు తిరిగి ఇచ్చుటకు. మన ప్రభుత్వమును ఊరకుండలేదు. 2023 నవంబరు 30న పదమూడు మోసపు పోకడలను పేర్కొని నిషేధించినది. చందా వలలో చిక్కించుట వానిలో ఒకటి.

ఇక మనకు ప్రత్యేకమైన బాధ ఒకటి కలదు. దానిని గూర్చియే నేనీ సభకు వచ్చితిని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడినపుడు మన పెద్దలు ఎక్కడికిని కదలలేదు, గీత కదలినది. ఆనాటినుండి మన కుటుంబములు గీతకు ఇరువైపుల ఉన్నవి. తండ్రి గుణుపురమున, కుమారుడు విజయనగరమున, కుమార్తె జయపురమున, మనుమడు బెంగుళూరున. వంట వేరైనను ఇల్లు ఒక్కటే. పండుగకు అందరును ఒక్క పంక్తిలోనే కూర్చుందురు. "గృహమనగా ఒక పైకప్పు క్రిందనుండు వారు" అని దూరదేశమున కూర్చుండి వ్రాసిన నిబంధనలో మన ఇల్లు ఇముడదు. నిబంధన వారిది, దానిని మీరుమని నేను చెప్పను. కాని మన వంటి వారి సంగతి వారికి ఎవ్వరును చెప్పలేదనియు, చెప్పవలసినది మనమేయనియు అనుచున్నాను.

అంతేకాదు. తెలుగు ధారావాహికలు, సినిమాలు నేడు ఎన్ని చోట్లకు చీలిపోయినవో చూడుడు. జెమిని వారివి సన్ నెక్స్ట్ నందు, ఈటీవీ వారివి ఈటీవీ విన్ నందు, జీ తెలుగు వారివి జీ5 నందు, స్టార్ మా వారివి జియోహాట్‌స్టార్ నందు. 2020లో ఉగాదికి వచ్చిన ఆహా వేరు. హైదరాబాదువాడు చందా వదలుకొన్నను వీధిలోనికి వచ్చిన తెలుగు వినును. మన పిల్లలకు బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఆటలో ఒడియా, హిందీ. తెలుగు వినబడునది ఇంటిలోనే, అందులో సగము ఆ తెరనుండియే. అందుచేత ధర పెరిగినప్పుడెల్ల మనమొక సరదాను మాత్రమే వదలుకొనుట లేదు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెప్పెదను.

మొదటిది, లెక్క. ప్రతి ఇంటివారును ఒక నోటుపుస్తకమున ఏ చందా, ఎంత, ఏ తేదీకి తీరును అని వ్రాసికొనవలెను. ఫోనులోని యూపీఐ యాపునందు ఆటోపే అను చోట ఎవరెవరికి అనుమతి ఇచ్చితిమో కనబడును. అక్కరలేనిది అక్కడనే రద్దు చేయవచ్చును. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము ఇట్లు సొమ్ము తీయుటకు కనీసము 24 గంటల ముందు మనకు తెలుపవలెను. ఆ సందేశమును చదువకుండ తుడిచివేయకుడు; నేను చేసినది అదియే. అయిదారు చందాలు ఒక్కసారి కట్టక, రెండు నెలలొకటి, రెండు నెలలొకటి చొప్పున మార్చుకొనుట మేలు.

రెండవది, ఫిర్యాదు. మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. 2020 నాటి నియమముల ప్రకారము 48 గంటలలో అందినదని తెలిపి, నెలలో పరిష్కరింపవలెను. కానిచో 1915 అను నంబరుకు ఫోను చేయుడు. అప్పటికిని కానిచో జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. 2019 చట్టము వచ్చిన తరువాత కంపెనీ ఎక్కడున్నను మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. అయిదు లక్షల లోపు వ్యవహారమునకు రుసుము లేదు. వ్రాయుట చేతకాని పెద్దలకు మన యువకులు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమున కూర్చుండి వ్రాసిపెట్టవలెనని నా ప్రార్థన.

మూడవది, కేబులు. పై చందాల ధరలకు ట్రాయ్ వారి కట్టడి లేదు. కేబులు చానళ్ళకు కలదు. 2019 ఫిబ్రవరి 1 నుండి కోరిన చానలును విడిగా, ప్రకటించిన ధరకు కొనుటకు మనకు హక్కున్నది. ఒడియా ప్యాకేజీతో పాటు తెలుగు చానళ్ళు లేవని ఎవరైన చెప్పిన ఊరకుండక, వీధికి ఇరువది ఇండ్లు కలిసి అడుగుడు. ఒక్కడు అడిగిన బేరము, ఇరువది మంది అడిగిన వ్యాపారము. ప్రసారభారతి వారు 2024 నవంబరులో వేవ్స్ అను దానిని ప్రారంభించిరి. అందులో తెలుగు కలదు, ఉచితముగా చూడదగినవి చాల కలవు. అదియు చూడుడు.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యము. అద్దె ఇంటిని యజమాని ఎప్పుడైనను ఖాళీ చేయించును. మన పిల్లల తెలుగును పూర్తిగా అద్దె ఇంటిలో పెట్టవద్దు. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఈ నేలమీద నుండియే తెలుగులో కవిత్వము చెప్పిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఉదారముగా పోషించిరి. ఆనాడు తెర లేదు, చందా లేదు. నేడు మనలో ఎందరి పిల్లలు తాతగారి ఉత్తరమును చదువగలరు? సంఘమున బీరువాలో తాళమువేసియున్న పుస్తకములను తీసి, ఆదివారము రెండు గంటలు బాలబాలికలకు అక్షరములు దిద్దించుదము. ఒక చందా సొమ్ముతో ఏడాదికి పది పుస్తకములు వచ్చును. వాని షరతులు నడుమ మారవు. మొదటి ఏడాది పుస్తకముల వ్యయము నేను భరించెదను.

చివరగా ఒక మాట. మొన్న రాత్రి తెర ఆపివేసి, మా అమ్మగారిని ఆ మాయమైన సినిమా కథ చెప్పుమని అడిగితిని. మా చిన్నవాడు ప్రక్కనే కూర్చుండి గంటసేపు వినెను. నడుమ ప్రకటనలు రాలేదు. "రేపు ఇంకోటి చెప్పు మామ్మా" అనెను. మన చేతిలోనున్నది ఏమియు లేదని నిరాశ చెందవలదని ఇది చెప్పుచున్నాను.

న్యాయమైన ధర చెల్లింతము. అన్యాయమైన షరతును అడిగి తీరుదము. మన భాషను మన ఇంటిలోనే ఉంచుకొందము.