రాబందుల రక్షణ రైతు చేతిలోని పని
(కాగజ్‌నగర్ ప్రాంతపు రైతుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మీలో యాభై యేండ్లు దాటిన వారికి ఒక సంగతి గుర్తుండును. ఊరిలో ఎద్దో బర్రెయో చచ్చినచో తోలు తీసి ఊరి బయట వేసెడివారు. కొంతసేపటికే ఆకాశమున రాబందులు చుక్కలవలె కనబడి, గుండ్రముగా తిరుగుచు దిగెడివి. పొద్దు గూకులోపల ఎముకలు తప్ప ఏమియు మిగిలెడిది కాదు. వాసన లేదు, ఈగలు లేవు, ఊరికి పైసా ఖర్చు లేదు. నేడు ఊరి పిల్లవానిని అడిగినచో రాబందును బొమ్మలోనే చూచితిననును. ఈ మార్పు ఎట్లు వచ్చినది? దీనిని సరిచేయుటకు మనము చేయగలిగిన దేమి? ఇదియే నేటి విషయము.

రాబందులు పోవుటకు కారణము కరవు కాదు, వేట కాదు. అది పశువులకు నొప్పికిని జ్వరమునకును ఇచ్చెడి డైక్లోఫెనాక్ అను సూది మందు. ఈ సంగతిని 2004లో పాకిస్తాన్‌లోని పంజాబు రాష్ట్రమున పరిశోధన చేసిన శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈ మందు పొడిచిన పశువు ఒకటి రెండు దినములలో చనిపోయినచో మందు దాని మాంసములోనే ఉండును. ఆ మాంసము తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి, కొద్ది దినములలోనే చచ్చును. మన దేశమున 1992 నుండి 2007 నాటికి తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగాను, పొడవు ముక్కు రాబందులు నూటికి 97 వరకును తగ్గిపోయినవి.

ఆ పొడవు ముక్కు రాబందులే 2013లో మన బెజ్జూరు అడవులలో, మురళిగూడ సమీపమున పెద్దవాగు పక్కనున్న పాలరాపు గుట్ట మీద గూళ్ళు కట్టుకొని యుండగా అటవీశాఖ వారు గుర్తించిరి. దేశమంతట అరుదైపోయిన పక్షి అప్పుడు మన పొలముల వైపున మిగిలి యుండుట చిన్న విషయము కాదు. ఈ పక్షి యేడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. పిల్ల పెరిగి తానొక గూడు కట్టుటకు సుమారు అయిదేండ్లు పట్టును. కనుక ఒక్క పక్షి చచ్చినను ఆ లోటు తీరుటకు ఏండ్లు గడచును. గుట్టను అటవీశాఖ వారు కాపాడవచ్చును. కాని రాబందు మేతకై చాలా దూరము పోవును. ప్రాణహిత దాటి మహారాష్ట్ర వైపునకును పోవును. అది ఏ ఊరి కళేబరము మీద వ్రాలునో ఎవరును కావలి కాయలేరు. అక్కడ దానికి రక్షణ ఆ పశువు యజమాని ఒక్కడే.

చట్టము చాలదా అని మీరడుగవచ్చును. పశువులకు డైక్లోఫెనాక్ వాడరాదని 2006లోనే ప్రభుత్వము నిషేధించినది. అంతట మనుష్యుల కొరకు అమ్మెడి పెద్ద సీసాలు పశువులకు వాడసాగిరి. 2015లో ఆ సూది మందును 3 మిల్లీలీటర్లకు మించని చిన్న సీసాలలోనే అమ్మవలెనని కట్టడి చేసిరి. రాబందులకు హాని చేయునట్టివే అగు కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ మందులను పశువులకు వాడుట 2023 జులైలో నిషేధింపబడినది. 2024 డిసెంబరులో నిమెసులైడ్ కూడ ఆ వరుసలో చేరినది. ఒక తలుపు మూసినచో మరియొక తలుపు తెరచుకొనుచు వచ్చినది. కడపటి తలుపు మన పశువుల కొట్టమునకు ఉన్నది. దానిని మూయవలసినవారము మనమే.

ఇచ్చట ఒక లెక్క చెప్పవలెను. ఒక కళేబరము మీద పదుల కొలది రాబందులు ఒక్కసారి వ్రాలును. అందుచేత నూరు కళేబరములలో ఒక్కదానికంటె తక్కువ వాటిలో ఈ మందున్నను జాతి నశించుటకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. అనగా తొంబది తొమ్మిదిమంది రైతులు జాగ్రత్తపడి ఒక్కరు ఏమరినను ఫలితము దక్కదు. "నా వంతు నేను చేసితిని" అని ఊరకుండుటకు ఇచ్చట వీలు లేదు. పొరుగువాని చేతను చేయించవలెను. ఊరంతయు ఒక్క మాట మీద నిలువవలెను.

రాబందులు పోయినచో మనకేమి నష్టము? ఊరి బయట కుళ్ళిన మాంసము కుక్కలకు మేత యగును. కుక్కలు పెరుగును, పిచ్చికుక్క కాట్లు పెరుగును, నీరు చెడును. రాబందులు తగ్గిన ప్రాంతములలో 2000 నుండి 2005 వరకు మన దేశమున సుమారు 5 లక్షల మరణములు అదనముగా సంభవించి యుండునని 2024లో ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు అంచనా వేసిరి.

రైతు కష్టము నేనెరుగుదును. దుక్కి వేళ ఎద్దు కుంటినచో రేపటికి లేవవలెనని ఎవరైనను కోరుదురు. ఎవరో ఒకరు వచ్చి ఏదో సూది పొడిచి పోవుదురు. సీసా మీద పేరు ఎవరును చూడరు. మార్పు ఇచ్చటనే రావలెను. నొప్పికి, జ్వరమునకు, వాపునకు మెలాక్సికామ్ చక్కగా పనిచేయును. అది రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. టోల్ఫెనామిక్ ఆసిడ్ కూడ అట్టిదే. నాలుగు రూకలు తేడా ఉన్నను సందేహింపక వీటినే అడుగవలెను.

ప్రతి రైతును ఈ క్రింది పనులు పాటించవలెను.

1. పశువుకు సూది వేయించునపుడు మందు పేరు అడిగి, సీసా చూచి, కాగితము మీద వ్రాయించుకొనవలెను. పశువైద్యుని సలహా లేక మందుల దుకాణము నుండి నొప్పి మందు తేరాదు.

2. నిషేధింపబడిన మందు గాని, పేరు తెలియని నొప్పి మందు గాని ఇచ్చిన కొద్ది దినములలో పశువు చచ్చినచో దానిని ఆరుబయట వేయరాదు. లోతైన గుంత తీసి పూడ్చవలెను.

3. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు నుండియు ఆసనము నుండియు నల్లని రక్తము కారినచో దొమ్మ రోగమని అనుమానింపవలెను. దానిని కోయరాదు, తోలు తీయరాదు. వెంటనే పశువైద్యునికి తెలిపి, లోతుగా సున్నము వేసి పూడ్చవలెను.

4. పులి గాని చిరుత గాని పశువును చంపినచో కోపముతో కళేబరమునకు విషము పెట్టరాదు. 2024 జనవరిలో దరిగాం అడవిలో రెండు పులులు చచ్చినవి. వానిలో ఒకదాని చావునకు విషము పెట్టిన పశువు మాంసమే కారణమని తేలినది. అట్టి మాంసము రాబందును, కుక్కను, నక్కను గూడ చంపును. అటవీశాఖ వారికి తెలిపినచో నష్టపరిహారము కోరుటకు వీలున్నది. విషము పెట్టినచో పరిహారము పోయి కేసు మిగులును.

5. గ్రామసభలో ఈ విషయము ఎత్తి తీర్మానము చేయించవలెను. వాడదగిన మందుల పేర్లు, వాడరాని మందుల పేర్లు పంచాయతీ గోడ మీదను, పాలకేంద్రము వద్దను పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. గోపాలమిత్రను, మందుల దుకాణదారుని ఆ సభకు పిలువవలెను. తెలియక చేసినవానిని నిందింపక, తెలియజెప్పి కలుపుకొనవలెను. తిట్టించుకొన్నవాడు చాటుగా పొడుచును. నచ్చజెప్పబడినవాడు పదిమందికి చెప్పును.

ఇందులో మనకు భూమి వదలుకొనుట లేదు, పంట మానుకొనుట లేదు. ఒక సీసాకు బదులు మరియొక సీసా అడుగుటయే. ఇంత తక్కువ శ్రమతో ఒక జాతిని నిలుపు అవకాశము రైతుకు తరచుగా రాదు. ఈ వారములోనే మీ కొట్టములోని సీసాలు వెదకి చూడుడు. వాడరానిది కనబడినచో పశువైద్యశాలకు తీసికొనిపోయి చూపుడు. పిదప ఆ మాట మీ పొరుగువారితో చెప్పుడు. మీ మనుమలు ఆకాశము వైపు చూచి, అదిగో రాబందు అని చూపగలుగుట దానిమీదనే ఆధారపడి యున్నది.